పడవ పంపులో రబ్బరు చక్రం



కాలవ గట్టున ఆయిలింజను పెట్టి నీళ్లు తోడుకునేవారికి ఒక పని బాగా అలవాటు. ఇంజను తిప్పబోయే ముందు పంపులో బిందెడు నీళ్లు పోసి, గాలి బుడగలు ఆగేదాకా చూస్తారు. ఫుట్ వాల్వులో పుల్ల అడ్డుపడిందా, పోసిన నీళ్లు పోసినట్టే జారిపోతాయి. పంపు ఎంతసేపు తిరిగినా చుక్క రాదు. విసుక్కుంటూ మళ్లీ పోస్తారు. గట్టు మీద ఉన్నారు కాబట్టి సరిపోయింది. ఇదే సంగతి ఒడ్డుకు పది మైళ్ల దూరాన, అలల మీద ఊగే పడవలో జరిగితే? అక్కడ ఇంజనును చల్లార్చే నీళ్లు తోడేది కూడా ఒక పంపే. అది గాలి మింగి ఊరుకుంటే ఇంజను కాలిపోతుంది.

మీ పంపులో ఇనప చక్రం ఉంటే, ఆ పడవ పంపులో మెత్తని రబ్బరు చక్రం ఎందుకు వచ్చిందో, అది పట్టేసుకుంటే ఎలా ఊడదీయాలో ఈవేళ చెప్పుకుందాం. ఏటి ఒడ్డున, సముద్రపు ఒడ్డున ఉండి పొలంతో పాటు పడవ కూడా పెట్టుకున్నవారు మీలో కొందరున్నారు. లేనివారికైనా తమ పంపు పుట్టుక తెలిస్తే నష్టమేమీ లేదు.

ఏతం, గూడ, మోట, ఇవన్నీ నీటిని పట్టుకుని పైకి మోసేవి. మీ ఇంజను పంపు అలా మోయదు, విసురుతుంది. తడిసిన గొడుగును గిర్రున తిప్పితే చుక్కలు చుట్టూ చెదరడం చూశారు కదా, అదే సూత్రం. లోపల తిరిగే రెక్కల చక్రాన్నే ఇంపెల్లరు అంటాం. 1689లో జర్మనీ దేశంలో ఉంటున్న దెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఇలాంటి పంపు చేశాడు. అయితే ఆయన పెట్టిన రెక్కలు తిన్నటివి. తిన్నటి రెక్క నీటిని విసిరేదానికంటే చిలికేది ఎక్కువ. ఇంజను చేసే పనంతా కవ్వం పనయిపోతుంది. అంచేత నూటయాభై యేళ్ల పాటు ఈ పంపును ఎవరూ పెద్దగా లెక్కచేయలేదు.

దాని దశ తిరిగింది 1851లో, లండను మహా ప్రదర్శనశాలలో. జాన్ జార్జి ఆపోల్డ్ అనే ఆయన రెక్కలను వెనక్కి వంచి తయారుచేసిన పంపును అక్కడ నడిపించాడు. వృత్తికి ఆయన ఏ కార్ఖానా ఇంజనీరూ కాదు. బొచ్చు తోళ్లకు రంగులద్దే వ్యాపారి. పరీక్ష చేసి చూస్తే, వెచ్చించిన శక్తిలో నూటికి 68 పాళ్లు వంపు రెక్కల పంపులో నీటిని ఎత్తడానికి పనికొచ్చింది. తిన్నటి రెక్కలతో వచ్చింది 24 పాళ్లే. లోహం అదే, నీళ్లు అవే. వంపు ఒక్కటే తేడా.

ఈ పంపు పుట్టీపుట్టగానే పొలం పనికే వెళ్లింది. ఇంగ్లండులో పీటర్‌బరో పట్నం దగ్గర విట్లెసీ మియర్ అని పెద్ద మడుగు ఉండేది. దాన్ని ఎండగట్టి సాగులోకి తేవాలనుకున్న భూస్వాములు ఆపోల్డ్ పంపును ఆవిరి ఇంజనుకు తగిలించి నీళ్లు తోడించారు. మడుగు పోయి మడి వచ్చింది. కాని బురదనేల నీరు తీసేకొద్దీ ఎండి కుంగిపోతుందని వారికి అనుమానం. అందుకని 1851లో ఆ పక్కన హోమ్ అనే చోట ఒక ఇనప స్తంభాన్ని, దాని కొన నేలకు సమంగా ఉండేలా పాతి ఉంచారు. ఈనాడు ఆ స్తంభం దాదాపు 4 మీటర్లు పైకి కనబడుతుంది. స్తంభం లేవలేదు, నేల దిగింది! పంపు చేసే మేలుతో పాటు కీడును కూడా కొలిచిపెట్టుకున్న ఆ బుద్ధిని మెచ్చుకోవాలి.

ఇక పడవ దగ్గరికి వద్దాం. విసిరే పంపుకు ఒక లోపం ఉంది. నీటిని విసరగలదు గాని గాలిని విసరలేదు. గాలి మరీ తేలిక కదా. పడవ అలమీద ఒరిగినప్పుడల్లా నీళ్లు లాగే గొట్టంలోకి గాలి వస్తుంది. అందుకని తొలినాటి మోటారు పడవల్లో ఇంజనును చల్లార్చడానికి పిస్టను పంపులో, పళ్ల చక్రాల పంపులో పెట్టేవారు. పిస్టను పంపు వాల్వుల్లో నాచు ఇరుక్కునేది. పళ్ల చక్రాలను ఇసుక అరగదీసేది.

రబ్బరుతో చేస్తే ఇసుకకు లొంగి, దాన్ని దాటించి మళ్లీ నిటారవుతుంది. కాని చెట్టుపాల రబ్బరు నూనె తగిలితే ఉబ్బి చెడుతుంది. ఇంజను దగ్గర నూనె తగలకుండా ఎలా ఉంటుంది? ఆ చిక్కు విడిపించింది రసాయనశాల. 1930లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కారోథర్స్ బృందం నూనెను బాగా ఓర్చుకునే కృత్రిమ రబ్బరును కనుక్కుంది. అదే నియోప్రీన్. తరువాత 1940 ప్రాంతంలో ఆ దేశంలోనే ఆర్థర్ బ్రిగ్స్ అనే ఆయన వంగే రెక్కల పంపును రూపొందించాడు. జాబ్‌స్కో పేరుతో అది రేవురేవుకూ చేరింది.

దాని పని చిత్తగించండి. గుండ్రని కంచు డబ్బాలో రబ్బరు చక్రం బిగువుగా కూర్చుంటుంది. డబ్బా గోడ ఒక పక్క లోపలికి ఉబ్బి ఉంటుంది. రెక్క ఆ ఉబ్బు దగ్గర వంగుతుంది, దాటగానే చాచుకుంటుంది. చాచుకున్నప్పుడు రెక్కల నడుమ చోటు పెరిగి నీళ్లు లోనికి వస్తాయి. మళ్లీ ఉబ్బు దగ్గరికి వచ్చి వంగినప్పుడు ఆ నీళ్లు బయటికి నెట్టబడతాయి. గాలి వచ్చినా అలాగే నెట్టేస్తుంది. బిందెతో నీళ్లు పోయనక్కర లేదు, ఫుట్ వాల్వు అక్కర లేదు.

మన దేశంలో మరపడవలు పెరిగింది ఆ తర్వాతే. 1952లో ఐక్యరాజ్యసమితి, నార్వే, భారత ప్రభుత్వాలు ఒప్పందం చేసుకుని కేరళలో కొల్లం దగ్గర నీండకరలో చేపల వేట పథకం మొదలుపెట్టాయి. క్రమంగా మన తీరంలోనూ డీజిలు ఇంజన్లు పడవల్లోకి దిగాయి. సముద్రపు నీటితో చల్లారే ఇంజను ఉన్నచోట ఈ రబ్బరు చక్రం తరచు కనబడుతుంది. గాలితో చల్లారే చిన్న ఇంజన్లకు దీని గొడవ లేదు.

రబ్బరు చేసిన మేలుకు రబ్బరే వెల పుచ్చుకుంటుంది. దానికి నీళ్లే కందెన. నీళ్లు లేకుండా తిరిగితే కొద్దిసేపట్లోనే రాపిడికి మాడిపోతుంది. కదలకుండా నెలల తరబడి ఉంటే వంగిన రెక్క వంగినట్టే గట్టిపడి, ఉప్పు ఎండి గోడకు అంటుకుంటుంది. చక్రం నడుమ ఉండే ఇత్తడి బుష్షు షాఫ్టుకు పట్టేస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఆపుతున్నారు. చక్రం పట్టేయడానికి ఆ ఎండల్లో అంతకాలం చాలు. పడవ ఒడ్డున పెట్టేటప్పుడే చక్రం తీసి నీడన దాచుకున్నవాడికి ఈ బాధ ఉండదు.

పట్టేసిందనుకోండి. ముందు పడవ అడుగున నీళ్లు లోనికి వచ్చే వాల్వు మూయండి. ఇది మరిచిపోతే పంపు మూత తీయగానే సముద్రం పడవలోకి వస్తుంది. మూత స్క్రూలు విప్పి, కాగితం గాస్కెట్టు చిరగకుండా మూత తీయండి. రెక్కలు ఏవైపు వంగి ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. కొన్ని చక్రాలను పక్కన చిన్న స్క్రూతో షాఫ్టుకు బిగిస్తారు, అది వదులు చేయకుండా లాగితే షాఫ్టు పాడవుతుంది. కొన్నిటి బుష్షులో మరలు ఉంటాయి, సరైన బోల్టు ఎక్కిస్తే చక్రం దానంతటదే బయటికి వస్తుంది. అవేవీ లేకపోతే బుష్షు చుట్టూ తుప్పు వదిలే నూనె వేసి రాత్రంతా ఉంచి, మర్నాడు పుల్లరుతో నెమ్మదిగా లాగాలి. రెండు స్క్రూడ్రైవర్లు పెట్టి ఎగదన్నడం చాలామంది చేసే పని. చేయక తప్పకపోతే అంచున గుడ్డ మడత పెట్టండి. కంచు అంచు మీద గాటు పడితే అక్కడినుంచి గాలి దూరుతుంది. సుత్తి దెబ్బ వద్దు, మంట అసలే వద్దు. వెనక ఉన్న సీలు కాలుతుంది. అప్పటికీ రాకపోతే పాత రబ్బరును కత్తితో కోసేసి, మిగిలిన ఇత్తడి బుష్షును రంపపు బ్లేడుతో షాఫ్టుకు తగలకుండా కోసి చీల్చాలి. పోయేది ఎలాగూ పారేసే చక్రమే.

కొత్త చక్రానికి సబ్బు నీళ్లో గ్లిసరినో రాయండి. గ్రీజు వద్దు. ఇంజను తిరిగేవైపే తిప్పుతూ లోనికి నెట్టి, అదే మందం గాస్కెట్టు పెట్టి, మూత బిగించి, వాల్వు తెరవండి. ఈ చివరి పని మరిచి ఇంజను తిప్పితే కొత్త చక్రం కూడా మాడుతుంది.

ఒకసారి కాకినాడ దగ్గర ఉప్పుటేటి రేవులో ఈ పని జరుగుతుంటే చూశాను. కుర్ర మెకానిక్కు పాత చక్రం ఊడదీసి పక్కన పడేశాడు. పడవ ముసలాయన దాన్ని తీసుకుని వేళ్లతో రెక్కలు లెక్కపెట్టాడు.

"ఆరుండాలి గదరా, నాలుగే ఉన్నాయి. తక్కిన రెండూ ఏవిరా అబ్బాయ్?"

"సముద్రంలో పోయుంటాయిలే మావా."

ముసలాయన ఒప్పుకోలేదు. "పోతే నీళ్లతో పాటే పోవాలి. నీళ్లు పోయే దారంతా చూడు" అన్నాడు. కుర్రవాడు సణుగుతూనే పంపు తర్వాతి గొట్టం విప్పాడు, ఏమీ లేదు. కూలరు మూత తీశాడు. సన్నటి గొట్టాల నోళ్లకు అడ్డంగా, అట్టముక్కలు అంటించినట్టు, రెండు నల్లటి రబ్బరు ముక్కలు కూర్చుని ఉన్నాయి. అవి అక్కడే ఉండగా కొత్త చక్రం వేసుకుని వేటకు పోయి ఉంటే, నీళ్లు చాలక ఇంజను నడిసముద్రంలో ఆగిపోయేది. ముసలాయన ఆ ముక్కల్ని పాత చక్రానికి ఆనించి చూసుకుని, ఆరూ సరిపోయాక, కొత్తదాన్ని బిగించమన్నాడు.