విజయదుర్గపు త్రోవలో

దేవగఢ్ దాటిన పిదప త్రోవ మామిడితోటల నడుమ ఎక్కుచు దిగుచు సాగెను. మలుపు తిరిగిన చోటనెల్ల మోటారుసైకిలు ముందర సముద్రము తళుక్కున మెఱసి మరుగయ్యెడిది. త్రోవ చివర విజయదుర్గము. మూడు దిక్కుల నీరు, మూడు వరుసల ప్రాకారము.

ఇంతటి కోట ఎట్లు పడినది? కాన్హోజీ ఆంగ్రే 1729లో మరణించువరకు ఈ తీరమున ఆంగ్లేయుల ఓడలకు నిశ్చింత లేకుండెను. తరువాత అతని కుమారులలో వైరము పుట్టెను. వారిలో తులాజీ పేష్వాను లెక్కపెట్టలేదు. అతని నణచుటకు పేష్వా బాలాజీ బాజీరావు బొంబాయి ఆంగ్లేయులనే తోడు తెచ్చుకొనెను! 1755లో సువర్ణదుర్గము చేజారెను. 1756 ఫిబ్రవరిలో వాట్సన్ నౌకలు విజయదుర్గముపై గుండ్లు కురిపించగా, క్లైవు దండు ఒడ్డున దిగెను. ఒక ఓడకంటుకొన్న నిప్పు ప్రక్కవానికి ప్రాకి, ఆంగ్రే నౌకాదళము రేవులోనే దగ్ధమయ్యెను. కోటలోని ధనమును ఆంగ్లేయులే పంచుకొనిరి. పేష్వాకు కోట దక్కుటకే కొన్ని నెలలు పట్టెను.

కాలినవి తులాజీ ఓడలా, మరాఠాల ఓడలా? పూనాలో ఈ ప్రశ్న ఎవరికైనను తోచెనో లేదో! గుఱ్ఱపుదళమును నమ్మిన ఆ దర్బారుకు సముద్రము దూరముగానే ఉండెను. క్లైవు, వాట్సనులకు మాత్రము దూరము కాలేదు; ఆ యిరువురే 1757 జనవరిలో కలకత్తాను తిరిగి పట్టుకొనిరి.

బురుజుపై నిలిచి చూచితిని. వాఘోటన్ నది ముఖమున చేపల పడవలు లంగరు త్రాళ్ళకు ఊగుచుండెను. క్రింద నా బండి ఎండలో కాగుచుండెను. చీకటి పడకముందే దేవగఢ్ చేరవలెను.