బందరు రోడ్డు - పాదచారి

విజయవాడకు పనిమీద వచ్చు డెల్టా గ్రామస్థులలో బందరు రోడ్డు నెరుగనివారు అరుదు. ఆసుపత్రికి గాని, కచేరీకి గాని పోవలెనన్న ఆ వీథిని ఒకమారైనను దాటవలసివచ్చును. అంచున నిలిచి, ఎడతెగక వచ్చు వాహనములను చూచి, అడుగు వేయుటకు జంకని వృద్ధులు లేరు. ఆ జంకునకు కారణము వార్ధకమొక్కటియే కాదు. ఆ పట్టణము పెరిగిన తీరులోనే అది కొంత ఉన్నది.

బెజవాడకడ కృష్ణకు అడ్డముగా ఆనకట్ట పని 1852లో ఆరంభమై 1855లో ముగిసెను. దానినుండి బయలుదేరిన ఏలూరు, రైవసు, బందరు కాలువలు ఊరి నడుమనుండియే సాగినవి. ఇవి పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నైనవి. బరువు సరకులు నీటిమీద పోవుచుండగా, నేలమీది బాట నడచువారికిని ఎడ్లబండ్లకును చాలియుండెను. 1888లో బెజవాడకు మునిసిపాలిటీ ఏర్పడెను. 1893లో కృష్ణమీద రైలువంతెన వెలసెను. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశము ఇచ్చటనే జరిగెను. దానికి వచ్చిన గాంధీమహాత్ముని పేరే నేడు బందరు రోడ్డునకు అధికారనామముగా ఉన్నది.

ఈ ఊరికి ఒకవైపున కొండ, ఒకవైపున నది, నడుమ మూడు కాలువలు, వాటికి తోడు రైలుమార్గములు. అందువలన వాహనములు నలుగడల చెదరిపోవుటకు వీలులేక, కొలదిపాటి వంతెనలకడను కూడళ్లకడను గుమిగూడవలసివచ్చెను. 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియై దానిమీద రోడ్డు ఏర్పడగా, మద్రాసు కలకత్తాల నడుమ తిరుగు మోటారులు ఊరిలోనికే వచ్చినవి. ఆ మార్గమును, హైదరాబాదునుండి బందరునకు పోవు మార్గమును బెంజి సర్కిలుకడ ఒకదానినొకటి ఖండించుకొనినవి. దూరదేశములకు పోవు లారీయు, కూరగాయలకు పోవు గృహిణియు ఒకే కూడలిలో తారసపడవలసివచ్చెను.

దీనికి ఇటీవల చేసిన చికిత్స పైవంతెనలు. ఇంద్రకీలాద్రికిని కృష్ణకును నడుమ ఇరుకైన దారిలో అమ్మవారి దర్శనమునకు నడచివచ్చు భక్తులును, హైదరాబాదు మార్గపు భారీవాహనములును ఒరసికొని పోవుచుండెడివారు. 2015లో శంకుస్థాపన జరిగిన కనకదుర్గ ఫ్లైఓవరు 2020 అక్టోబరు 16న ప్రారంభమైనది. దాని పొడవు సుమారు 2.6 కిలోమీటర్లు. బెంజి సర్కిలుకడ ఒక ఫ్లైఓవరు 2020లోను, దాని జంట 2021లోను వాడుకకు వచ్చినవి. దూరము పోవువాడు మీదుగా, ఊరివాడు క్రిందుగా పోవు ఈ విభాగము మంచిదే, మెచ్చుకొనదగినదే.

కాని మీద పోవువానికి దారి సుగమమైనంత మాత్రమున క్రింద నడచువానికి సుగమము కాదు. రోడ్డును రెండింతలు వెడల్పు చేసినచో దానిని దాటువానికి రెండింతల కాలము పట్టును. యువకుడు పరుగిడి దాటును. చేతికర్ర ఊతగా నడచువాడు సగము దూరము పోవునప్పటికే దీపము మారును. కాలినడక వంతెన కట్టితిమందురేని, మోకాళ్లనొప్పిగలవాడు ఆ మెట్లెక్కలేడు. చక్రముల కుర్చీలోనివాడు అసలే ఎక్కలేడు. ప్రక్కబాటమీద నడువుమందురేని, నిలిపిన మోటారుసైకిళ్లును, దుకాణముల సామానును దానిని ఆక్రమించుచున్నవి. చిల్లర వర్తకులనే దీనికి నిందించుట న్యాయము కాదు; వారి బ్రతుకును అక్కడనే ఉన్నది. వారికి తగిన చోటు నిర్ణయింపవలెనని 2014 నాటి వీథివర్తకుల చట్టము చెప్పుచున్నది.

కావలసినవి గొప్ప కట్టడములు కావు. ఎగుడుదిగుడులు లేని ప్రక్కబాట. దాని చివర మెట్టునకు మారుగా చిన్న వాలు. రోడ్డు నడుమ నిలిచి ఊపిరి పీల్చుకొనుటకు తిన్నె. ముసలివాని నడకకు సరిపడునంతసేపు వెలుగు దీపము. వికలాంగులకు రోడ్లును, ప్రయాణసాధనములును అందుబాటులో ఉండవలెనని 2016 నాటి చట్టము విధించినది. ఆటంకములు లేని ప్రక్కబాట పౌరుని జీవించు హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీముకోర్టు చెప్పినది. కనుక దీనిని కోరుట యాచన కాదు, మన హక్కు.

ఈ మాట పట్టణవాసులకే గాక పల్లెలలోని పెద్దలకును చెందును. నగరపు వీథిమీద మిక్కిలి తడబడువారు పొరుగూళ్లనుండి వచ్చినవారే గదా! ఏ కూడలిలో దాటుట కష్టమైనదో, ఏ ప్రక్కబాట మూసుకొనిపోయినదో నలుగురు పెద్దలు చేవ్రాలుచేసి నగరపాలక సంస్థకు అర్జీ పంపినచో అది వ్యర్థము కాబోదు. దారిప్రక్క చెట్టు నాటుటయు, వేసవిలో చలిపందిరి వేయుటయు పుణ్యకార్యములని మన పూర్వులు తలచిరి. వృద్ధుడొకడు మరియొకరి చేయి పట్టుకొననక్కరలేకయే వీథి దాటునట్లు చేయుటయు ఆ కోవలోనిదే.