తెల్ల నగరంలో మూసిన తలుపు: షికాగోలో కనుమరుగైన ఒక స్కేటింగ్ రింకు చరిత్ర

"రోజూ వ్యాయామం చేయండి" అని మందుల చీటీ చివర వ్రాయడం వైద్యులకు చాలా సులభమైన పని. ఎక్కడ చేయాలి, ఎవరితో కలిసి చేయాలి, ఆ చోటికి వెళితే లోపలికి రానిస్తారా అన్న ప్రశ్నలు ఆ చీటీలో ఉండవు. ఆహారం, నిద్ర, మందులతో పాటు ఆడుకొనే చోటు కూడా ఆరోగ్యంలో భాగమే. ఇందుకు నిదర్శనంగా ఒక రింకు కథ చెప్పదలచాను. అమెరికాలోని షికాగో నగరంలో, 63వ వీధి దగ్గర ఉండిన ఆ రింకు నేడు లేదు. దాని తలుపు తెరిపించడానికి కొందరు యువతీ యువకులు పట్టిన ఆయుధం మాత్రం మన దేశానిది. కాబట్టి ఇది మనకు దూరపు కథ కాదు.

చక్రాల బూట్లు ఎలా పుట్టాయి?

1760వ దశకంలో లండనులో జాన్ జోసెఫ్ మెర్లిన్ అనే యంత్ర నిర్మాత చక్రాల బూట్లు తొడుక్కొని, వయొలిన్ వాయిస్తూ ఒక విందులోకి ప్రవేశించి, ఆగడం చేతకాక నిలువుటద్దాన్ని ఢీకొట్టాడని చెబుతారు. నిజానికి అసలు చిక్కు అక్కడే ఉంది. ఆనాటి బూట్లు ముందుకు పోయేవి కాని మలుపు తిరిగేవి కావు. 1863లో న్యూయార్కుకు చెందిన జేమ్స్ ప్లింప్టన్ ఆ చిక్కు విప్పాడు. ముందు రెండు, వెనుక రెండు చొప్పున నాలుగు చక్రాలు అమర్చి, ఇరుసులకూ బూటు పలకకూ మధ్య రబ్బరు దిండ్లు పెట్టాడు. దేహాన్ని ఏ పక్కకు వంచితే బూటు ఆ పక్కకు తిరుగుతుంది. ఆరోగ్యం కోసం మంచుపై స్కేటింగ్ చేయమని వైద్యుడు సలహా ఇస్తే, వేసవిలోనూ ఆ వ్యాయామం మానకుండా ఉండటానికి ఆయన ఈ బూటు కనిపెట్టాడని అంటారు. అంటే ఈ ఆట పుట్టుకలోనే ఒక వైద్యుని చీటీ ఉందన్నమాట.

అయితే ఆ పుట్టుకలోనే మరొకటి కూడా ఉంది. 1866లో ప్లింప్టన్ న్యూపోర్ట్ పట్టణంలోని ఒక హోటలు భోజనశాలను స్కేటింగ్ శాలగా మార్చాడు. ఆ వినోదం చదువుకున్న నాగరిక వర్గాలకు పరిమితమై ఉండాలన్నది ఆయన ఆశయం. ఎవరు లోపలికి రావాలి, ఎవరు రాకూడదు అన్న గీత మొదటి రింకు గడప దగ్గరే పడింది.

1884లో లెవాంట్ రిచర్డ్‌సన్ చక్రాలలో ఉక్కు గుండ్ల బేరింగులు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. రాపిడి తగ్గింది, వేగం పెరిగింది, అలసట తగ్గింది. నునుపైన మేపుల్ చెక్క నేల, వాద్య సంగీతం, గుండ్రంగా ఒకే దిశలో తిరిగే జనంతో అమెరికా నగరాలలో ప్రతి పేటకూ ఒక రింకు వెలిసింది. షికాగో ఈ పరిశ్రమకు పుట్టినిల్లయింది. షికాగో రోలర్ స్కేట్ కంపెనీ ఆ నగరం పేరునే ప్రపంచమంతటా పాదాలకు తొడిగింది.

వైట్ సిటీ

1893లో షికాగోలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. వివేకానందుడు ప్రసంగించిన సర్వమత మహాసభ ఆ సందర్భంలో ఏర్పాటయినదే. ఆ ప్రదర్శన భవనాలలో చాలావాటికి తెల్లని పూత పూయడం వలన జనం దానిని 'వైట్ సిటీ', అంటే తెల్ల నగరం, అని పిలిచారు. ఆ జ్ఞాపకాన్ని సొమ్ము చేసుకుంటూ 1905లో నగరపు దక్షిణ భాగంలో అదే పేరుతో ఒక వినోద వనం తెరిచారు. విద్యుద్దీపాల గోపురం, నాట్యశాలలు, రకరకాల ఆటలు, వాటితో పాటు రోలర్ స్కేటింగ్ రింకు అందులో ఉండేవి. పేరులోని తెలుపు భవనాల రంగు నుండి వచ్చిందే. కాలక్రమాన ఆ మాటకు మరో అర్థం స్థిరపడింది.

1910లో షికాగోలోని నల్లజాతి జనాభా సుమారు 44 వేలు. దక్షిణాది రాష్ట్రాల పేదరికం నుండి, దౌర్జన్యం నుండి తప్పించుకొని లక్షలాది నల్లవారు ఉత్తరాది నగరాలకు వలస పోగా, 1940 నాటికి షికాగోలో ఆ సంఖ్య 2 లక్షల 78 వేలకు చేరింది. కాని వారు నివసించగల ప్రాంతం ఆ లెక్కన పెరగలేదు. నల్లవారికి ఇల్లు అమ్మబోమని, అద్దెకు ఇవ్వబోమని తెల్ల యజమానులు తమలో తాము ఒప్పంద పత్రాలు వ్రాసుకొనేవారు.

ఆటస్థలాల పరిస్థితి కూడా అంతే. 1919 జూలై 27న యూజీన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ల నల్లజాతి బాలుడు మిషిగన్ సరస్సులో ఈదుతూ, తెల్లవారు తమదని భావించే నీటి వైపు కొట్టుకుపోయాడు. ఒడ్డు నుండి ఒక తెల్లవాడు రాళ్లు విసిరాడు. బాలుడు మునిగిపోయాడు. ఆ తరువాత చెలరేగిన అల్లర్లలో 38 మంది మరణించారు. నీటిపై ఎవరూ గీయని గీత ఒక పిల్లవాని ప్రాణం తీసింది.

వైట్ సిటీకి ఉత్తరాన, 63వ వీధికి అవతల ఉన్న పేటలో కార్ల్ హాన్స్‌బెర్రీ అనే నల్లజాతి వ్యాపారి ఇల్లు కొన్నాడు. ఒప్పంద పత్రాలు చూపి ఆయనను వెళ్లగొట్టబోతే ఆయన సుప్రీం కోర్టు దాకా పోరాడి 1940లో గెలిచాడు. తరువాతి కాలంలో ప్రసిద్ధ నాటకకర్త్రి అయిన లొరైన్ హాన్స్‌బెర్రీ ఆయన కుమార్తె. ఆ తీర్పుతో ఆ పేట నల్లవారికి తెరుచుకుంది. వినోద వనం 1930వ దశకపు మాంద్యంలో దివాలా తీసి మూతపడగా, రింకు ఒక్కటే మిగిలింది. అలా 1942 నాటికి ఒక విచిత్రమైన స్థితి ఏర్పడింది. రింకు ఉన్నది నల్లవారి ఇళ్ల చెంత, లోపల తిరుగుతున్నది మాత్రం తెల్లవారు.

దండి నుండి షికాగోకు

ఈ చోట మన దేశం కథలోకి వస్తుంది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లిన గుజరాతీ యువకుడు కృష్ణలాల్ శ్రీధరాణి ఆ తరువాత అమెరికాకు వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. గాంధీజీ వెంట దండికి నడిచిన 78 మందిలో మన ఆంధ్రుడు ఎర్నేని సుబ్రహ్మణ్యం ఉన్న సంగతి తెలుగువారికి తెలిసినదే. ఆ ఉద్యమంలో ఏ మెట్టు తరువాత ఏ మెట్టు ఎక్కాలో శ్రీధరాణి ఒక శాస్త్రగ్రంథంలా విడమరచి వ్రాశాడు. 'వార్ వితౌట్ వయొలెన్స్' అనే ఆ పుస్తకం 1939లో వెలువడింది. మొదట సంప్రదింపు, పిదప ప్రచారం, నిరసన ప్రదర్శన, ఆత్మశుద్ధి, పికెటింగు, ధర్నా, బహిష్కరణ, ఇలా ఒక్కొక్క మెట్టునూ అది వివరిస్తుంది.

1942లో షికాగోలో జేమ్స్ ఫార్మర్, జార్జ్ హౌసర్, బెర్నీస్ ఫిషర్ తదితరులు కలిసి 'కోర్' అనే జాతి సమానత్వ సంస్థను స్థాపించారు. సభ్యులలో నల్లవారూ తెల్లవారూ ఉన్నారు. శ్రీధరాణి గ్రంథమే వారికి పాఠ్యపుస్తకమయింది. విచారించు, సంప్రదించు, ప్రజలకు తెలియజేయి, చివరకు ప్రత్యక్షంగా నిలబడు అన్న క్రమాన్ని వారు తమ నియమావళిగా చేసుకున్నారు.

వారి తొలి లక్ష్యాలలో వైట్ సిటీ రింకు ఒకటి. నల్లవారూ తెల్లవారూ కలిసిన బృందం ఒకటి 1942లో రింకుకు వెళ్లింది. తెల్లవారికి ప్రవేశం దొరికింది. నల్లవారికి మాత్రం, ఇది సభ్యులకే పరిమితమైన ప్రైవేటు కార్యక్రమం అన్న జవాబు వచ్చింది. బహిరంగ స్థలాలలో జాతి వివక్షను నిషేధించే చట్టం ఇల్లినాయ్ రాష్ట్రంలో 1885 నుండే ఉంది. అందుకే సూటిగా కాదనకుండా 'క్లబ్బు' అనే మాట అడ్డం పెట్టారు. కోర్ సభ్యులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. ఆ తొలి ప్రయత్నానికి తలుపు తెరుచుకోలేదు.

యుద్ధం ముగిసింది. నాజీల జాత్యహంకారంపై పోరాడి వచ్చిన నల్లజాతి సైనికులకు సొంత ఊరిలో స్కేటింగ్ చేసే హక్కు లేకపోవడం ఇక ఎవరూ సమర్థించలేని విషయమయింది. 1946లో కోర్ సభ్యులు మళ్లీ రింకు ముందు ప్లకార్డులు పట్టుకొని బారులు తీరారు. చేయి ఎత్తలేదు, మాట తూలలేదు. లోపలికి వెళ్లే ప్రతి ఒక్కరికీ విషయం వివరించారు. అటు వీధిలో పికెటింగు, ఇటు న్యాయపోరాటం సాగగా, ఆ ఏడే యాజమాన్యం దిగివచ్చి నల్లవారికి ప్రవేశం కల్పించింది.

గెలిచిన తరువాత

చరిత్ర అంతటితో శుభం పలకలేదు. ఆ దశాబ్దం ముగిసేసరికి రింకు కూడా పోయింది. వైట్ సిటీ స్థలంలో 1950 నుండి పార్క్‌వే గార్డెన్స్ అనే గృహ సముదాయం లేచింది. నల్లజాతివారు సహకార పద్ధతిలో స్వంతం చేసుకొన్న ఇళ్లు అవి. మిషెల్ ఒబామా పసితనంలో కొంతకాలం అక్కడే ఉన్నారు. దశాబ్దాలు గడిచాక అదే సముదాయం తుపాకీ హింసకు పేరు మోసింది. హింసకు కారణాలు అనేకం. రింకు పోవడమే కారణమని నేను అనను. కాని సాయంకాలం యువకులు కలిసి అలసిపోయే చోటు ఒక్కటైనా పేటలో ఉండటం ఎంత అవసరమో పిల్లలను పెంచిన ప్రతివారికీ తెలుసు.

ఇతర నగరాలలోనూ పోరాటం సాగింది. 1963 ఆగస్టులో లెడ్జర్ స్మిత్ అనే స్కేటర్ వాషింగ్టన్ మహాప్రదర్శనలో పాల్గొనడానికి షికాగో నుండి దాదాపు 700 మైళ్లు పది రోజులలో చక్రాల బూట్లపైనే వెళ్లాడు. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఆ తరువాత కూడా అనేక రింకులు వారంలో ఒక రాత్రిని 'సోల్ నైట్' వంటి పేర్లతో నల్లవారికి కేటాయించి మిగతా రోజులు మెత్తగా దూరం పెట్టాయి. ఆ ఒక్క రాత్రిలోనే వారు తమ సొంత నాట్యరీతులు సృష్టించుకున్నారు. జేమ్స్ బ్రౌన్ పాటల లయకు పాదం కదిపే షికాగో శైలి ఇప్పటికీ 'జేబీ స్కేటింగ్' పేరుతో బ్రతికి ఉంది.

ఒక వైద్యుని లెక్క

ఇక నా వృత్తికి సంబంధించిన మాట. వ్యాయామ తీవ్రతను కొలిచే కొలమానంలో ఊరక కూర్చోవడం 1 అయితే, వడిగా నడవడం సుమారు 4, రోలర్ స్కేటింగ్ సుమారు 7. గుండెకూ ఊపిరితిత్తులకూ మంచి పని కల్పిస్తూ, తుంటినీ తొడనూ బలపరుస్తూ, తూకం నిలుపుకొనే శక్తిని పెంచే ఆట ఇది.

ప్రమాదం లేదని కాదు. పడబోయేవాడు అసంకల్పితంగా చేయి చాపుతాడు. దేహభారమంతా మణికట్టుపై పడుతుంది. 1814లో ఐర్లండు వైద్యుడు అబ్రహాం కోలిస్ వర్ణించిన మణికట్టు విరుపు అలా కలిగేదే. ఒకే వరుసలో చక్రాలుండే స్కేట్లపై 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, మణికట్టు రక్షణ పట్టీలు ధరించనివారికి అక్కడ గాయమయ్యే ముప్పు ధరించినవారి కంటే సుమారు పది రెట్లు. మోచేతి విషయంలోనూ దాదాపు అంతే. కాబట్టి శిరస్త్రాణం, మణికట్టు పట్టీలు, మోచేతి, మోకాటి కవచాలు లేకుండా పిల్లలను చక్రాలపై నిలబెట్టకూడదు.

ఆట చోటు దొరకకపోవడం వలన కలిగే నష్టం ఎముక విరుపులా ఎక్స్‌రేలో కనబడదు. తరాల తరువాత లెక్కలలో తేలుతుంది. ఈత కొలనుల నుండి తరాల పాటు వెలివేయబడిన అమెరికా నల్లవారి సంగతి చూడండి. 1999 నుండి 2010 వరకు తీసిన లెక్కల ప్రకారం, 5 నుండి 19 ఏళ్ల లోపు నల్లజాతి పిల్లలు ఈత కొలనులలో మునిగి చనిపోయే రేటు తెల్ల పిల్లల కంటే 5.5 రెట్లు. తాతకు కొలను దొరకలేదు. తండ్రికి ఈత రాలేదు. మనుమనికి నేర్పేవారు లేకపోయారు.

మన సంగతి

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో జీవిస్తున్నారని 2023లో ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం తేల్చింది. పిల్లలకు, కౌమారులకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ 2010 ఆసియా క్రీడలలో స్కేటింగులో రెండు కాంస్య పతకాలు గెలిచి, 2015కు అర్జున పురస్కారం పొందాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మన స్త్రీ పురుష జట్లు రెండూ 3000 మీటర్ల రిలేలో కాంస్యం తెచ్చాయి. ప్రతిభకు కొదవ లేదు. కావలసినది నేల.

మా వెలుగోడు జలాశయంలో ఎంత నీరు పడుతుందని అడిగితే ఇక్కడి రైతు దాదాపు 17 టీ.ఎం.సీ.లని ఠక్కున చెబుతాడు. తన ఊరి పిల్లలకు ఆడుకోవడానికి ఎన్ని గజాల చోటుందో, అందులో ఆడపిల్లలు ఎందరు అడుగు పెడుతున్నారో, ఏ పేట పిల్లలు దూరంగా నిలబడి చూస్తున్నారో చెప్పగలవారు అరుదు. మన ఊళ్లలో ఆటస్థలానికి గేటు లేకపోవచ్చు, కాపలాదారు ఉండకపోవచ్చు. నీటిపై గీత గీయడానికి షికాగోలో కూడా ఎవరూ సున్నం వాడలేదు.

ఈ వారం సాయంకాలం ఒకసారి మీ ఊరి బడి ఆవరణకో, ఖాళీ స్థలానికో వెళ్లి చూడండి. ఆడుతున్న పిల్లలను లెక్కపెట్టండి. ఆ తరువాత రానివారిని లెక్కపెట్టండి. రాకపోవడానికి కారణం అడిగి తెలుసుకోండి. శ్రీధరాణి చెప్పిన మొదటి మెట్టు సంప్రదింపే. పంచాయతీతోనో, పాఠశాల యాజమాన్య సంఘంతోనో అక్కడి నుండి మాట్లాడటం మొదలుపెట్టవచ్చు.