దీవుల రేడియోలో మాట తేటపడేదెలా: ఆడియో బ్యాండ్‌పాస్ ఫిల్టరుకు రెసిస్టర్లు, కెపాసిటర్ల ఎంపిక

2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా తీరాన సంభవించిన భూకంపం, దాని వెన్నంటి వచ్చిన సునామీ అండమాన్ నికోబార్ దీవుల టెలిఫోను వ్యవస్థను ఛిన్నాభిన్నం చేశాయి. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ తరఫున భారతీ ప్రసాద్ నాయకత్వంలో వెళ్లిన హామ్ బృందం అప్పటికి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. నేడు శ్రీ విజయ పురంగా వ్యవహరిస్తున్న ఆ నగరం నుంచి వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైనుతో ప్రపంచ దేశాల హామ్‌లతో సంభాషించడం ఆ యాత్ర ఉద్దేశం. విపత్తు విరుచుకుపడగానే బృందం ఆ పని మాని, దీవులవారి క్షేమ సమాచారాలను ప్రధాన భూభాగానికి చేరవేయడంలో నిమగ్నమైంది. కార్ నికోబార్‌కు సైతం హామ్‌లు వెళ్లి రేడియో సంబంధాన్ని నెలకొల్పారు.

అటువంటి వేళ వినవలసినవి మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు, సంఖ్యలు. ఒక్క అక్షరం తప్పినా సందేశం మరో కుటుంబానికి చేరుతుంది. హ్రస్వ తరంగాల్లో మెరుపుల గరగర, పొరుగు కేంద్రాల ఈలలు, జనరేటరు హోరు మాటతో కలిసే వస్తాయి. మంచి ట్రాన్స్‌సీవర్లలో వీటిని వడకట్టే ఫిల్టర్లు లోపలే ఉంటాయి. సాధారణ రిసీవరు ఉన్నవారు మాత్రం రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లతో కొంత ఊరట పొందవచ్చు.

మనిషి మాట అర్థం కావడానికి పూర్తి శ్రవణ పరిధి అక్కరలేదు. టెలిఫోను రంగం 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మేరతోనే దశాబ్దాలపాటు సంభాషణలను నడిపింది. హామ్‌లు పై హద్దును 3,000 హెర్ట్జ్‌లకు లోపే ఉంచుతారు. ఈ మధ్య భాగాన్ని మాత్రమే పోనిచ్చేది బ్యాండ్‌పాస్ ఫిల్టరు. దీనిలో మొదటి అంచె దిగువ ధ్వనులను, రెండవ అంచె ఎగువ ధ్వనులను తగ్గిస్తుంది. మొదటి దానిలో కెపాసిటరు సంకేతపు దారిలోను, రెసిస్టరు ఆ దారికీ గ్రౌండుకూ మధ్యను ఉంటాయి. రెండవ దానిలో వాటి స్థానాలు తారుమారవుతాయి.

ప్రతి అంచెకూ హద్దును కట్టడానికి ఒక సులువైన లెక్క ఉంది. రెసిస్టరు విలువను కిలోఓమ్‌లలోను, కెపాసిటరు విలువను మైక్రోఫారడ్‌లలోను తీసుకొని, ఆ రెండింటి లబ్ధంతో 159ని భాగిస్తే హద్దు హెర్ట్జ్‌లలో వస్తుంది. ఆ హద్దు వద్ద సంకేతపు వోల్టేజి సుమారు 71 శాతానికి తగ్గుతుంది. ముందుగా కెపాసిటరును ఎంచుకొని, దానికి తగిన రెసిస్టరును వెదకడం మేలు. రెసిస్టర్ల విలువలు అంగడిలో దగ్గర దగ్గరగా దొరుకుతాయి, కెపాసిటర్లు అలా దొరకవు.

0.1 మైక్రోఫారడ్ కెపాసిటరుతో 300 హెర్ట్జ్‌లు కావాలంటే 5.3 కిలోఓమ్‌లు అవసరం. దొరికేది 5.6 కిలోఓమ్‌లు కనుక హద్దు 284 హెర్ట్జ్‌లవుతుంది. మాటకు ఆ తేడా లెక్కలోనిది కాదు. 50 హెర్ట్జ్‌ల విద్యుత్ హోరు దీనివల్ల దాదాపు ఆరవ వంతుకు పడిపోతుంది. రెండవ అంచెకు 56 కిలోఓమ్‌లు, 0.001 మైక్రోఫారడ్ తీసుకుంటే పై హద్దు సుమారు 2,840 హెర్ట్జ్‌లు.

రెండవ రెసిస్టరు మొదటి దానికి పది రెట్లు ఉండటం యాదృచ్ఛికం కాదు. రెండవ అంచె మొదటి అంచెకు బరువు కాకూడదు. ఈ విలువలతో మధ్య భాగంలో 90 శాతం సంకేతం దక్కుతుంది. అదే రెండు చోట్లా 5.6 కిలోఓమ్‌లు పెట్టి, రెండవ కెపాసిటరును 0.01 మైక్రోఫారడ్ చేస్తే 83 శాతమే మిగులుతుంది.

కొత్తవారు ఎక్కువగా పొరపడేది ఫిల్టరు తరువాత ఏముందన్న విషయంలోనే. యాంప్లిఫయరు ముఖద్వారంలో 50 కిలోఓమ్‌ల వాల్యూమ్ కంట్రోల్ ఉంటే పై అమరికలో సగం సంకేతం కూడా మిగలదు, పై హద్దు సైతం జరుగుతుంది. అప్పుడు రెసిస్టర్లను పదో వంతుకు తగ్గించి, కెపాసిటర్లను పది రెట్లు చేయాలి: 560 ఓమ్‌లతో 1 మైక్రోఫారడ్, 5.6 కిలోఓమ్‌లతో 0.01 మైక్రోఫారడ్. హద్దులు మారవు. రిసీవరు ఇయర్‌ఫోన్ సాకెట్ ఈ భారాన్ని సునాయాసంగా మోస్తుంది. స్పీకరును మాత్రం ఫిల్టరుకు నేరుగా తగిలించరాదు, శబ్దమే వినిపించదు.

రెసిస్టర్లలో 1 శాతం తేడా గల మెటల్ ఫిల్మ్ రకం చవకగానే లభిస్తుంది. కెపాసిటర్లకు పాలియెస్టర్ ఫిల్మ్ ఉత్తమం, చిన్న విలువలకు ఎన్‌పీ0 సెరామిక్ కూడా సరిపోతుంది. 104 అని ముద్రించి ఉంటే 0.1, 102 అని ఉంటే 0.001 మైక్రోఫారడ్ అని గ్రహించాలి. వై5వీ తరగతి సెరామిక్ కెపాసిటర్ల విలువ వేడిమిని బట్టి విపరీతంగా మారుతుంది, వాటిని ఇక్కడ వాడరాదు. రెసిస్టరులో 5 శాతం, కెపాసిటరులో 10 శాతం తేడా ఒకే వైపు కలిస్తే 284 కావలసిన హద్దు 246 నుంచి 332 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. మాటకు ఇది సహించదగినదే.

మోర్స్ సంకేతాలకు కాదు. వాటికి 700 హెర్ట్జ్‌ల చుట్టూ ఇరుకైన దారి కావాలి, అది ఈ నాలుగు భాగాలతో సాధ్యపడదు. ఒక ఆప్ ఆంప్, రెండు 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, 120, 2.4, 220 కిలోఓమ్‌ల రెసిస్టర్లతో బహుళ ఫీడ్‌బ్యాక్ పద్ధతిలో నిర్మిస్తే సుమారు 145 హెర్ట్జ్‌ల వెడల్పు గల దారి ఏర్పడుతుంది. ఇందులో 1 శాతం రెసిస్టర్లు తప్పనిసరి.

దీవుల వాతావరణం మరొక జాగ్రత్తను కోరుతుంది. ఉప్పుగాలి, తేమ కలిసి సర్క్యూటు పలకపై సన్నని వాహక పొరను ఏర్పరుస్తాయి. 220 కిలోఓమ్‌ల వంటి పెద్ద విలువలకు పక్కనే ఆ పొర మరో రెసిస్టరులా పనిచేస్తుంది. టంకం వేశాక ఫ్లక్స్‌ను స్పిరిట్‌తో కడిగి, ఆరిన తరువాత వార్నిష్ పూయాలి. పెద్ద రెసిస్టర్లు అవసరం లేని 560 ఓమ్‌ల అమరిక తీరప్రాంతాలకు అనువుగా ఉండటానికి ఇది కూడా ఒక కారణం. పూత ఆరాక, మొబైల్ ఫోనులోని టోన్ జనరేటరుతో 100, 1,000, 8,000 హెర్ట్జ్‌ల స్వరాలను ఒక్కొక్కటిగా పంపి, నడిమిది గట్టిగాను, చివరి రెండూ మందంగాను వినిపిస్తున్నాయేమో సరిచూసుకోవచ్చు.