నెత్తురు పిశాచి మీద దావా వేసిన ఇల్లాలు



భయం వేస్తుందని తెలిసి తెలిసీ డబ్బిచ్చి టిక్కెట్టు కొనుక్కుని దెయ్యాల సినిమాకు వెళ్ళేవాళ్ళను చూస్తే మనకు నవ్వొస్తుంది. వేళ్ళ సందుల్లోంచి బొమ్మ చూసి, ఇంటికొచ్చాక వంటింట్లో లైటు వెయ్యడానికి తోడు రమ్మంటారు. మళ్ళీ అలాంటి సినిమా వస్తే మళ్ళీ తయారు! అంతగా ఇష్టపడడానికి అందులో ఏముందని మీరు అడగవచ్చు. అందుకు జవాబుగా, అభిమానులు నూరేళ్ళు దాటినా నెత్తిన పెట్టుకుంటున్న ఒక మూకీ సినిమా సంగతి చెబుతాను. దాని వెనక ఒక ఇల్లాలి కథ కూడా ఉంది.

డ్రాకులా పేరు మీరు వినే ఉంటారు. పగలు శవపేటికలో పడుకుని, రాత్రిళ్ళు మనుషుల నెత్తురు తాగే ప్రభువు. 1897లో వచ్చిన ఆ నవలను రాసినాయన బ్రామ్ స్టోకర్. ఐర్లండులో పుట్టి, లండన్‌లో లైసియం నాటకశాలకు మేనేజరుగా చాలా కాలం పనిచేశారు. 1912లో ఆయన పోయారు. భార్య ఫ్లోరెన్స్ మిగిలిపోయారు. ఆవిడ 1913లో భర్త రాసుకున్న కాగితాలను వేలానికి పెట్టారు. 1914లో ఆయన కథలను పుస్తకంగా వేయించారు. డ్రాకులా నవల మీది హక్కు ఆవిడకు భర్త మిగిల్చిన ఆస్తి. మనకు పొలమో ఇల్లో ఎలాగో, ఆవిడకు ఆ పుస్తకం అలాగ.

ఇక జర్మనీకి వద్దాం. 1918లో యుద్ధం ముగిసింది. అదే ఏడు వచ్చిన ఇన్‌ఫ్లూయెంజా జ్వరం లోకమంతటా ఇళ్ళకిళ్ళను ఊడ్చిపెట్టింది. అలాంటి రోజుల్లో ముర్నావ్ అనే దర్శకుడు ప్రానా అనే కొత్త కంపెనీకి ‘నోస్ఫెరాటు’ సినిమా తీశాడు. కథ డ్రాకులాదే. పేర్లు మార్చారు. డ్రాకులా ప్రభువు ఓర్లాక్ ప్రభువయ్యాడు. లండన్ బదులు జర్మనీలోని ఒక చిన్న రేవు పట్నం. 1922 మార్చి 4న బెర్లిన్‌లో మొదటి ప్రదర్శన ఘనంగా జరిగింది. ఫ్లోరెన్స్‌ను మాత్రం ఎవరూ అనుమతి అడగలేదు, ఒక్క కాసు ఇవ్వలేదు.

సంగతి తెలిసి ఆవిడ ఊరుకోలేదు. బ్రిటన్ రచయితల సంఘం అండతో దావా వేశారు. ఈలోగా ఆ కంపెనీ దివాలా తీసింది. దివాలా తీసినవాడి దగ్గర రాలేదేముంది? “డబ్బు రాకపోతే పోనీ, ఆ సినిమాయే లేకుండా చెయ్యండి” అన్నది ఆవిడ పట్టు. 1925లో కోర్టు ఆవిడ పక్షానే తీర్పు చెప్పింది. కాపీలన్నీ నాశనం చెయ్యమంది.

కానీ కొన్ని కాపీలు ఎక్కడెక్కడో మిగిలిపోయాయి. 1929లో ఆ సినిమా అమెరికాలో ఆడనే ఆడింది. పిశాచి చచ్చినట్టే చచ్చి లేచి వచ్చిందన్నమాట!

ఇంతకూ అందులో ఏముంది? ఓర్లాక్ పాత్ర వేసిన మాక్స్ ష్రెక్‌ది బోడితల, ఎలుక పళ్ళు, కొక్కేల్లాంటి గోళ్ళు. నెత్తురు పెద్దగా చూపించరు. మెట్లెక్కుతున్న అతని నీడ ఒక్కటి చాలు గుండె జారడానికి. అతను ఓడలో ఎలుకలను వెంటబెట్టుకుని ఊళ్ళోకి వస్తాడు. మహమ్మారి పుడుతుంది. వీధిలో శవపేటికలు వరుసగా నడుస్తాయి. పాడెలు లేచిన ఇళ్ళనుంచి వచ్చిన ప్రేక్షకులకు ఆ భయం కొత్తది కాదు. చెప్పుకోలేని భయానికి అక్కడ ఒక ముఖం దొరికింది.

నవలలో డ్రాకులాను మగవాళ్ళు కత్తులతో చంపుతారు. ఈ సినిమాలో ఆ పని చేసేది ఎల్లెన్ అనే ఇల్లాలు. కోడి కూసేదాకా పిశాచిని తన దగ్గరే నిలిపితే అది నశిస్తుందని ఒక పుస్తకంలో చదువుతుంది. భర్తను డాక్టరు కోసం పంపి, తన ప్రాణమే ఒడ్డుతుంది. తొలి ఎండ తగలగానే ఓర్లాక్ పొగలా మాయమవుతాడు. నవలలో డ్రాకులా పగటిపూట కూడా తిరిగేవాడు. ఎండ తగిలితే పిశాచి చచ్చిపోవడమన్నది ఈ సినిమాతోనే వచ్చింది.

అభిమానుల ఇష్టానికి కారణం ఇక్కడే ఉందని నాకు తోస్తుంది. మన జీవితంలో వచ్చే భయాలు ఎప్పుడు తీరేదీ తెలియదు. జ్వరపడ్డ పిల్ల పక్కన రాత్రంతా కూర్చున్న తల్లిని అడగండి. సినిమాలో భయానికైతే ఒక తెల్లవారడం ఉంది.

మరి ఫ్లోరెన్స్ చేసింది తప్పా? సొత్తు ఆవిడది, అడగకుండా తీసుకున్నది వాళ్ళు. ఆవిడ అనుమతితో 1924లో డ్రాకులా నాటకం వచ్చింది, 1931లో బేలా లుగోసీ నటించిన అమెరికా టాకీ వచ్చింది. అడిగినవాళ్ళకు ఆవిడ కాదనలేదు చూశారా! 1937లో కన్ను మూశారు. అయినా ఆవిడ కోరినట్టే జరిగి ఉంటే మనకు ఎల్లెన్ ఉండేది కాదు. న్యాయం ఆవిడదే, నష్టం మాత్రం మనందరిదీ అయ్యేది. ఈ రెండూ నిజమేనని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

1979లోనూ, 2024లోనూ ఆ కథనే మళ్ళీ తీశారు. మీ పిల్లలు అలాంటి బొమ్మ చూస్తూ కూర్చుంటే కోప్పడకండి. పక్కన కూర్చుని ఫ్లోరెన్స్ కథ కూడా చెప్పండి.