గుండ్రటి లావు అక్షరంలో ఇబ్రహీంపట్నం

హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే దారిలో, రంగారెడ్డి జిల్లాలో ఉన్న ఇబ్రహీంపట్నం పేరును బోర్డు మీద లావు అక్షరాలతో రాయబూనితే, తెలుగు ఖతుల రూపకర్తలను కాలమంతా వేధించిన చిక్కులు దాదాపు అన్నీ ఆ ఒక్క మాటలోనే ఎదురవుతాయి. ఖతి అంటే ఒకే పోలికలో తీర్చిన అక్షరాల సముదాయం. శీర్షికలకు, గోడపత్రికలకు, బోర్డులకు ఉద్దేశించినదాన్ని డిస్‌ప్లే ఖతి అంటారు.

రోమన్ లిపిలో గీత కొసన ఉండే చిన్న అడ్డుగీతను సెరిఫ్ అని, అది లేని అక్షరాన్ని శాన్స్ సెరిఫ్ అని పిలుస్తారు. జర్మనీలో పాల్ రెన్నర్ 1927లో వెలువరించిన ఫ్యూచురా వృత్తం, సరళరేఖ వంటి జ్యామితి రూపాలను ఆధారం చేసుకుని ఆ కోవలో పేరు గడించింది. ఈ విభజన తెలుగుకు సరిగా అతకదు. తెలుగు అక్షరానికి సెరిఫ్ లేదు, తలకట్టు ఉంది. తలకట్టు అలంకారం కాదు, అచ్చును తెలిపే గుర్తు కనుక దాన్ని తీసివేయడం కుదరదు. గుండ్రదనం కూడా తెలుగుకు కొత్తగా అబ్బవలసినది కాదు. తాటాకు మీద గంటంతో నిలువు, అడ్డగీతలు గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి అక్షరాలు వంపు తిరిగాయన్నది తరచుగా వినిపించే వివరణ.

కష్టమంతా లావులోనే ఉంది. దకారానికీ ధకారానికీ, పకారానికీ ఫకారానికీ తేడా అడుగున ఉండే చిన్న గీత మాత్రమే. రకారం ఠకారం కావడానికి కడుపులో ఒక చుక్క చాలు. గీత బలిసేకొద్దీ ఆ ఖాళీలు పూడుకుపోతాయి. ఇబ్రహీంపట్నంలో బకారం కిందికి చుట్టుకునే క్రావడి, హకారం మీది గుడిదీర్ఘం, టకారం కింద వేలాడే నావత్తు కలిసి మాటను పైకీ కిందికీ సాగదీస్తాయి. నిజమైన జ్యామితి వృత్తం అందులో సున్న ఒక్కటే. బెంజమిన్ షుల్ట్జ్ జర్మనీలోని హాలెలో 1740లలో తెలుగు అచ్చు వేయించిన నాటి నుంచి లోహపు అక్షరాలు ఈ వత్తులకు చోటు వెతుకుతూనే వచ్చాయి. బోర్డులు రాసే పెయింటరుకు మాత్రం ఆ బాధ తక్కువ, ఎందుకంటే చోటును బట్టి వత్తును అతడు అప్పటికప్పుడు కుదించగలడు.

ఆ వెసులుబాటు ఖతికి లేదు. ప్రతి జోడింపునూ ముందే లెక్కగట్టాలి. గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించగా సిలికానాంధ్ర సంస్థ స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసిన ఖతులలో శీర్షికల కోసం తీర్చిన రామభద్ర, ముంబయికి చెందిన ఏక్ టైప్ సంస్థ తన బాలూ కుటుంబంలో తెలుగు కోసం చేసిన బాలూ తమ్ముడు ఈ లెక్కకు రెండు సమాధానాలు. రెండోదాని పేరులోని చనువు దాని బొద్దు అక్షరాలకు బాగా నప్పింది.

సిలికానాంధ్ర తన ఖతులలో కొన్నింటికి పెద్దన, తిమ్మన, ధూర్జటి, రామభద్ర అంటూ అష్టదిగ్గజాల పేర్లు పెట్టింది. వాటిలో రామరాజ అనేది రామరాజభూషణుడి పేరు. ఆ కవి బిరుదులోని రామరాజు విజయనగర పాలకుడు అళియ రామరాయలు. అతని నీడన విజయనగరంలో ఏడేళ్ళు తలదాచుకున్నవాడే, 1550 నుంచి 1580 వరకు గోల్కొండను ఏలి, 1565లో అదే రామరాయలపై యుద్ధంలో చేతులు కలిపిన ఇబ్రహీం కుతుబ్ షా. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఆ సుల్తానుకు అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చాడు. ఇబ్రహీంపట్నానికి, దాని పెద్ద చెరువుకు దక్కినది అతని పేరే కాగా, ఆ పేరును నేడు రామరాజ ఖతిలో కూర్చినా టకారం కింద నావత్తుకు చోటు చూడక తప్పదు.