పస్కా: ఆలయ బలి నుంచి కుటుంబ పండుగ దాకా

1. ఉపోద్ఘాతం:

‘పస్కా’ అనే మాట తెలుగు పాఠకులకు బైబిలు అనువాదం ద్వారా పరిచితమే. హీబ్రూలో దీనిని ‘పెసహ్’ అంటారు. ఐగుప్తు దాస్యం నుంచి ఇశ్రాయేలీయులు విడుదల పొందిన వృత్తాంతాన్ని స్మరించే పండుగ ఇది. నేడు యూదుల ఇళ్లలో మూడు తరాలవారు ఒకేచోట కూర్చుని ఆనందంగా జరుపుకొనే కుటుంబ పండుగగా ప్రసిద్ధం. అయితే ఒకప్పుడు దీనికి కేంద్రం యెరూషలేము దేవాలయం. ఆ కేంద్రం కూలిన తరువాత పండుగ ఏ ఆధారంతో నిలిచిందన్నదే ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

2. ఇల్లు - ఆలయం:

నిర్గమకాండము 12వ అధ్యాయం ప్రకారం పస్కాకు ప్రమాణం ఇల్లే. ఇంటికొక గొర్రెపిల్ల, కుటుంబం చిన్నదైతే పొరుగింటివారితో కలిసి పంచుకోవాలి. మాంసాన్ని నిప్పులమీద కాల్చి, పులియని రొట్టెలతో, చేదు కూరలతో ఆ రాత్రే తినాలి. ఈ ఆచారమేమిటని పిల్లలు అడిగితే ఏం చెప్పాలో కూడా అక్కడే ఉంది. ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయం మాత్రం బలిని ఎవరి ఊళ్లో వారు ఇవ్వరాదని, దేవుడు ఎన్నుకున్న స్థలంలోనే ఇవ్వాలని విధించింది. తత్ఫలితంగా పస్కా యెరూషలేము యాత్రగా మారింది. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం ఆలయాన్ని ధ్వంసం చేయడంతో బలి ఆగిపోయింది.

3. మారిన ప్రశ్న:

క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలితమైన మిష్నాలో ‘పెసహీమ్’ భాగం 10వ అధ్యాయం ఆ రాత్రి భోజన క్రమాన్ని వివరిస్తుంది. ఎంత పేదవాడైనా నాలుగు పాత్రల ద్రాక్షారసం తాగాలి, ఒరిగి కూర్చుని తినాలి. రోమన్ విందుల్లో అది స్వేచ్ఛ కలిగినవారి భంగిమ. రెండవ పాత్ర నింపినప్పుడు కొడుకు తండ్రిని ప్రశ్నించాలి. మిష్నాలోని ప్రశ్నల్లో ఒకటి, ఈ రాత్రి కాల్చిన మాంసమే ఎందుకు తింటున్నామన్నది. నేటి ‘హగ్గదా’లో ఆ ప్రశ్న లేదు. ఒరిగి కూర్చోవడం ఎందుకన్న ప్రశ్న ఉంది. బలి లేని ఇంట్లో బలిమాంసం గురించి అడగడానికి తావు లేదు. పళ్లెంలో ఉంచే కాల్చిన ఎముక దానికి గుర్తుగా మిగిలింది. ప్రశ్న మారింది గాని, అడిగే స్థానం పిల్లలదిగానే నిలిచింది.

4. పిల్లల మెలకువ:

‘హగ్గదా’ అంటే చెప్పడం. చెప్పాలంటే వినేవారు మేల్కొని ఉండాలి. పిల్లలు నిద్రపోకుండా ప్రశ్నలు అడిగేందుకు రబ్బీ అకీవా పండుగ సాయంత్రం వారికి వేయించిన గింజలు, కాయలు పంచేవాడని తాల్ముడ్ చెబుతుంది. పులియని రొట్టె ముక్కను దాచి పిల్లలచేత వెతికించే ఆట ఇప్పటికీ ఉంది. కొడుకుకు అడగడం తెలియకపోతే భార్య అడగాలి. ఒంటరివాడైతే తనను తానే అడగాలి. ఇద్దరు పండితులైనా ఒకరినొకరు అడగాలి. అంటే ఈ క్రమంలో ప్రశ్నకు మినహాయింపు లేదు.

ఒక విషయం గమనించాలి. హగ్గదా పాఠంలో ముందుకు వచ్చేది తండ్రీకొడుకులే. ఇంట్లో పులిసిన పదార్థం ఏమాత్రం మిగలకుండా మూలమూలలా శుభ్రం చేసి, వంట సిద్ధం చేసే శ్రమ సంప్రదాయ కుటుంబాల్లో ఎక్కువగా స్త్రీలది. పాఠానికి ఎక్కని ఆ శ్రమ లేనిదే ఈ పండుగ లేదు.

5. ముగింపు:

ఆలయం, బలి, యాత్ర పోయినా పస్కా పోలేదు. వాటి స్థానంలో భోజనం, కథ, ప్రశ్న నిలిచాయి. ఇందులో సంతోషం కాలక్షేపం కోసం చేర్చినది కాదు. పిల్లలకు ఇష్టం కలిగితేనే వారు అడుగుతారు, వారు అడిగితేనే కథ తరువాతి తరానికి చేరుతుంది. ఈ దృష్టితో చూస్తే పస్కా ఆచరణలో కుటుంబ వినోదం, మతవిధి వేరువేరు కావు.